పొగతోట వెనక సందులో వెన్న వాసన

నెల్లూరు నుంచి తిరిగొచ్చి మూడు రోజులైంది. పిన్ని కట్టిచ్చిన ఉసిరికాయ పచ్చడి సీసా, వెన్న మరకలు పడిన కాగితం సంచి ఇంకా వంటింటి గట్టు మీదే ఉన్నాయి. సంచి అడుగున గుప్పెడు పొరల పొట్టు మిగిలింది. పారెయ్యబుద్ధి కావడం లేదు. వివరాలు చెదిరిపోకముందే రాసిపెట్టుకుందామని కూర్చున్నాను.

వెళ్లడానికి కారణాలు రెండు. పిన్నికి మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయని తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, ఫోను చేశాడు. అదే ఫోనులో ఇంకో మాట కూడా చెప్పాడు. "అక్కా, మనూళ్లో ఫ్రెంచి బేకరీ పెట్టారు తెలుసా? పొగతోట వెనక సందులో. పొద్దున్నే అటు పోతే ఆసుపత్రుల వాసన పోయి వెన్న వాసన వస్తా ఉంటది."

నేను ఆరేళ్లుగా ఇంట్లో బ్రెడ్డు కాల్చుకుంటున్నాను. మామూలు బ్రెడ్డు, బన్నులు బాగానే వస్తాయి. క్రొసాంట్, అంటే పొరలు పొరలుగా ఉండే ఫ్రెంచి వెన్న రొట్టె, మాత్రం నాలుగుసార్లు మొదలుపెట్టి, నాలుగుసార్లూ కన్నీళ్లు పెట్టుకున్నాను. ఓవెన్‌లో పెట్టిన కాసేపటికే వెన్నంతా ట్రేలోకి కారిపోయేది. హైదరాబాదులో నావల్ల కానిది, ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే నెల్లూరులో ఒకాయన రోజూ ఎలా చేస్తున్నాడో కళ్లారా చూడాలనిపించింది.

నవంబరు, శనివారం: మూలాపేట, సంతపేట

నేను దిగేసరికే వాన. నెల్లూరికి అసలు వానలు ఈ నెలల్లోనే, ఈశాన్య రుతుపవనాలతో. మూలస్థానేశ్వరస్వామి గుడికి రెండు సందుల అవతల పిన్ని ఇల్లు. కార్తీకమాసం కాబట్టి వాకిట్లో ఉసిరికొమ్మ పాతిన తులసికోట, దాని ముందు రాత్రి వెలిగించిన ప్రమిదలు వానకి తడిసి ఉన్నాయి. నెల్లి అంటే ఉసిరి. ఆ చెట్టు కింద వెలసిన శివలింగం వల్లే ఊరికి నెల్లూరని పేరొచ్చిందని ఈ గుడి గురించి చెప్పుకుంటారు. నెల్లు అంటే వరి, పేరు దాన్నించి వచ్చిందనేవాళ్లూ ఉన్నారు. మొలకొలుకుల బియ్యానికి పేరుపడ్డ ఊరు కాబట్టి ఆ మాటా నమ్మబుద్ధవుతుంది.

పిన్ని పులిబొంగరాలు వేసింది. బాగా పులిసిన దోశపిండిలో అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర కలిపి చిన్నచిన్న ఉండలుగా నూనెలో వేయించడమే. కార్తీకం కాబట్టి ఉల్లిపాయ లేదు. పైన కరకర, లోపల పుల్లపుల్లగా మెత్తన. అల్లం పచ్చడి నంజుకుంటూ పన్నెండు తిన్నాను. చేపల పులుసు ఊసు ఈ నెలంతా ఆ ఇంట్లో ఉండదు. గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు.

తింటూ బేకరీ సంగతి ఎత్తాను. పిన్ని అట్లకాడ ఆపి నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"బ్రెడ్డు తినేదానికి హైదరాబాదు నించి వస్తివా? జ్వరమేమన్నా తగిలిందా ఏంది నీకు?"

ఆమె నిజంగానే అడిగింది. మా ఇళ్లలో బ్రెడ్డంటే జ్వరమే. కావలిలో మా చిన్నప్పుడు ఒళ్లు కాలితే తప్ప బ్రెడ్డు ప్యాకెట్టు ఇంట్లోకి వచ్చేది కాదు. మైనం కాగితంలో చుట్టిన బ్రెడ్డు తెచ్చి, అమ్మ అంచులు తీసేసి, ముక్కలు వేడిపాలలో ముంచి తినిపించేది. అంచులు నాన్న తినేవాడు. పాలలో నానిన బ్రెడ్డు, గ్లూకోజు పొడి, నుదుటి మీద తడిగుడ్డ, ఈ మూడూ నాకు ఒకటే జ్ఞాపకం. జ్వరం తగ్గి నోటికి రుచి తెలిశాక మళ్లీ అన్నం. బ్రెడ్డు ఇక కనబడేది కాదు. నేను కావాలని బ్రెడ్డు తింటానంటే పిన్ని నుదురు తాకి చూడకుండా ఎలా ఉంటుంది?

మధ్యాహ్నం వాన తెరిపిచ్చాక ఆటో ఎక్కాను. రైలు వంతెనల కింద నీళ్లు నిలబడి బండ్లన్నీ ట్రంకు రోడ్డు మీదికే వచ్చిపడ్డాయి. "రొట్టెలు కాల్చే బేకరీ, సందులో ఉంటుంది" అన్న నా మాట పట్టుకుని ఆటో అబ్బాయి చిన్నబజారు పక్కగా తిప్పి తిప్పి సంతపేటలో ఒక పాత పెంకుటింటి ముందు ఆపాడు. "ఇదే మేడం, మా తాత కాలం నించీ ఉండాది." డెబ్బై రూపాయలు తీసుకుని వెళ్లిపోయాడు. అది నేను వెతుకుతున్న చోటు కాదు. కానీ లోపల్నించి కట్టెల పొగ, కాలుతున్న పిండి వాసన కలిసి వస్తుంటే వెనక్కి తిరగలేకపోయాను.

అది కట్టెల భట్టి. ఇటుకలతో కట్టిన గుమ్మటం, నడుముకి అందేంత ఎత్తులో చిన్న నోరు. లోపల సరుగుడు కట్టెలు కాలి నిప్పులైతే వాటిని ఒక పక్కకి జరిపి, నేల తుడిచి, ట్రేలు పెడతారు. అరవై దాటిన భాయి ఒకాయన లుంగీ, బనియనుతో ఎదురుగా నిలబడి ఉన్నాడు. వచ్చిన సంగతి చెబితే నవ్వి స్టూలు వేశాడు. కొడుకుని పంపి టీ తెప్పించాడు.

వేడి ఎంతుందో ఎలా తెలుస్తుందని అడిగాను. నోటితో చెప్పకుండా గుప్పెట్లో కాస్త మైదా తీసి భట్టి నేల మీద చల్లాడు. "చూడమ్మా. ఎమ్మట్నే నల్లబడితే ఆగాల. మెల్లిగా బంగారు రంగుకొస్తే బన్ను పెట్టొచ్చు. రంగే రాకపోతే ఇంకో రెండు కట్టెలు." మైదా మెల్లగా చామనఛాయకి వచ్చింది. పొడుగాటి చెక్క తెడ్డు మీద ట్రే లోపలికి వెళ్లింది. పది పన్నెండు నిమిషాల్లో బన్నులు పొంగి, ఒకదానికొకటి అతుక్కుని బయటికొచ్చాయి. పది రూపాయల బన్ను. వేలితో విడదీస్తే దూదిలా పోగులు పోగులుగా వచ్చింది. టీలో ముంచుకోమన్నాడు. ముంచకుండానే తినేశాను.

ఇంట్లో ఓవెన్ మీద అంకెలు చూసి నమ్మడమే కానీ నేనెప్పుడూ పిండి చల్లి చూడలేదు.

డబ్బులిస్తుంటే కొత్త బేకరీ గురించి అడిగాను. భాయి మొహం విప్పారింది. "పొగతోటోళ్లా? ఆ మాస్టరు మా బావ దగ్గర పఫ్ నేర్చుకున్నోడే. పాండిచ్చేరి పోయి పెద్ద పని నేర్చుకుని వచ్చినాడు. మంచి చెయ్యి." బాధ గానీ పోటీ గానీ ఆ గొంతులో వినబడలేదు. దారి చెప్పి, పావుకిలో రస్కులు పొట్లం కట్టి డబ్బు తీసుకోనన్నాడు. బలవంతం చేసి యాభై రూపాయలు బల్ల మీద పెట్టి వచ్చాను.

నడుచుకుంటూ పొగతోట చేరేసరికి ఆరు దాటింది. అద్దాల బీరువాలో ట్రేలన్నీ ఖాళీ. కౌంటరులో అమ్మాయి గచ్చు తుడుస్తోంది. "మూడింటికే అయిపోయినాయి అక్కా. రేపు ఎనిమిదికల్లా వస్తే అన్నీ ఉంటాయి." పక్కన అట్ట మీద చేత్తో రాసిన తెలుగు అక్షరాలు కనిపించాయి: "కార్తీకమాసం: గుడ్డు లేనివి పై అరలో." అది చూశాక పిన్నిని కూడా తీసుకురావాలని నిశ్చయించుకున్నాను.

ఆదివారం: పొగతోట

పొగతోట అంటే నెల్లూరు ఆసుపత్రుల పేట. ఒక పక్కంతా నర్సింగ్ హోములు, స్కానింగ్ సెంటర్లు, మధ్యమధ్యలో మందుల షాపులు. రోడ్డు మీద కొబ్బరిబోండాల బండ్లు, స్టీలు క్యారియర్లు, ఫ్లాస్కులు పట్టుకుని పేషెంట్ల తాలూకు జనం. ఆదివారం ఓపీ ఉండదు కాబట్టి రద్దీ కొంత తక్కువ. ఆ రోడ్డు వెనక ఆటో పట్టేంత సందులో ఈ బేకరీ ఉంది. పాత మద్రాసు మిద్దె ఇల్లు. వసారాలో మూడు బల్లలు, లోపల నాలుగు. ఎర్ర గచ్చు అలాగే ఉంచారు. గోడకి సున్నం తప్ప వేరే అలంకారాలు లేవు. నాకు అదే నచ్చింది. హైదరాబాదులో ఇలాంటి చోట్ల ఈఫిల్ టవర్ బొమ్మ లేకుండా చూడలేదు.

పిన్ని మెట్ల దగ్గర చెప్పులు విడిచింది. అక్కర్లేదన్నా వినలేదు. లోపల చూస్తే మాకంటే ముందొచ్చినవాళ్లవి కూడా నాలుగు జతలు బయటే ఉన్నాయి.

బోర్డు మీద పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. పిన్ని కూడబలుక్కుని చదువుతూ ఒకచోట ఆగిపోయింది. "పెయిన్ ఓ చాకొలాట్... పెయిన్ అంటే నొప్పి కదే? ఆసుపత్రి సందులో ఈ పేరేంది తల్లీ?" కౌంటరు అమ్మాయికి ఈ ప్రశ్న అలవాటులా ఉంది. "అది పెయిన్ కాదు పెద్దమ్మా, పాఁ అనాలి. వాళ్ల భాషలో రొట్టె." పావ్‌భాజీలో పావ్ కూడా ఇలాంటిదే. పోర్చుగీసువాళ్ల 'పావ్' మన దగ్గరికి వచ్చి స్థిరపడింది. ఆ మాటకీ ఫ్రెంచి మాటకీ లాటిన్లో తల్లి ఒక్కటే. నేను చెబితే పిన్ని, "అయితే పావూ ఇదీ అక్కచెల్లెళ్లు" అని తేల్చేసింది.

పై అరలో ఉన్నవి గుడ్డు బదులు పాలు పూసి కాల్చినవి. మామూలుగా క్రొసాంట్ పిండిలో గుడ్డు ఉండదు. మెరుపు కోసం పైన మాత్రం పూస్తారు. ఈ నెలంతా సగం ట్రేలకి పాలే పూస్తున్నామని, ఆ ట్రేలకి బ్రష్షు కూడా వేరేనని అమ్మాయి చెప్పింది. బ్రష్షు మాట విన్నాకే పిన్ని కూర్చుంది.

ధరలు చెప్పాలి. క్రొసాంట్ 110, చాక్లెట్ది 140, బగెట్ అనే పొడుగాటి రొట్టె 130, కాఫీ 120. "నూటపదా! ఇద్దరం ఒకటి తిందాం" అంది పిన్ని. నేను నాలుగు చెప్పాను.

క్రొసాంట్ కొరికితే వచ్చే చప్పుడు కోసమే వెళ్లొచ్చు. పైపొరలు ఎండుటాకుల్లా పగిలాయి. లోపల తేనెపట్టు లాంటి గదులు, పసుపుపచ్చగా, తడిగా. మొదట వెన్న, తర్వాత సన్నటి ఉప్పు, చివర్లో పాలు మరగకాచినప్పటి కమ్మటి వాసన. పిన్ని మొదటి ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చీర మీద రాలిన పొట్టుని వేలి చివరతో అద్దుకుని తింది.

"ఇది బ్రెడ్డు కాదే. మడత కాజా జాతి. చక్కెర పాకంలో ముంచలేదంతే."

నేను నాలుగుసార్లు పుస్తకాలు ముందేసుకుని చేసిన దాన్ని ఆమె ఒక్క ముక్కతో పట్టేసింది. కాజాకి కూడా పిండిని పల్చగా ఒత్తి, నెయ్యి రాసి, మడిచి, మళ్లీ ఒత్తుతారు. పొరకీ పొరకీ మధ్య కొవ్వు ఉంటే కాలేటప్పుడు అవి విడిపోయి లేస్తాయి. మన బేకరీల ఎగ్ పఫ్ కూడా అంతే. దానికి ఈస్ట్ కలిపి, డాల్డా బదులు వెన్న వేస్తే క్రొసాంట్ అవుతుంది.

అన్నీ మెచ్చుకోలేను. చాక్లెట్ దానిలో తీపి ఎక్కువైంది. వెన్న రుచి కనబడలేదు. కాఫీ మరీ పల్చన. నాలుగు అడుగులు వేస్తే చిక్కటి ఫిల్టరు కాఫీ ఇరవై రూపాయలకి దొరికే ఊరిలో 120 పెట్టి పాల నురుగు తాగడం నాకు నచ్చలేదు. బగెట్ బాగుంది కానీ వానగాలికి పైపొర మెత్తబడింది. బగెట్ అంటే వాళ్ల భాషలో బెత్తం, కర్ర. 1993లో ఫ్రాన్సు ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం సంప్రదాయ రొట్టె అని అమ్మాలంటే గోధుమపిండి, నీళ్లు, ఉప్పు, పులియబెట్టే ఈస్ట్‌తోనే చెయ్యాలి. నిలవ ఉంచే మందులు కలపకూడదు. 2022లో యునెస్కో ఆ పనితనాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. నాలుగే వస్తువులు కాబట్టి గాలిలో తేమ పెరిగితే తప్పించుకోవడానికి దానికి ఏ అండా ఉండదు. మాస్టరు పొరపాటు కాదది, నెల్లూరు నవంబరు.

మేం తింటుండగా ఒక పెద్దాయన వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ బుట్ట, అందులో ఫ్లాస్కు, దుప్పటి. ఉదయగిరి వైపు నుంచి వచ్చారట, భార్యకి ఆపరేషనయింది. "మెత్తంగా ఏదన్నా పెట్టమన్నాడు డాక్టరు. రొట్టె ప్యాకెట్టు ఒకటి ఇయ్యమ్మా" అన్నాడు, ధర బోర్డు వైపు చూడకుండానే. అమ్మాయి బగెట్ అమ్మి ఊరుకోవచ్చు. కౌంటరు వదిలి బయటికొచ్చి, "మాయి గట్టి రొట్టెలు తాతా, అవ్వ నమల్లేదు. మీకు పాల బ్రెడ్డు కావాల" అని సందు చివరి అంగడి దాకా తీసుకెళ్లి చూపించింది. తిరిగొచ్చేటప్పుడు ఫ్లాస్కు తీసుకొచ్చి, వేడిపాలు పోసి ఇచ్చింది. ఆయన డబ్బులు తియ్యబోతే పాలకి ముప్పై తీసుకుంది. ఊరికే ఇచ్చినట్టు చెయ్యలేదు. ఆయనా తలెత్తుకునే వెళ్లాడు.

"ఆ పిల్లని ఎవరు పెంచినారో కానీ" అంది పిన్ని.

పదకొండు గంటలకి మాస్టరు బయటికొచ్చాడు. నలభై ఏళ్లు ఉంటాయేమో. వింజమూరు దగ్గర పల్లె ఆయనది. సంతపేట భాయి మాట చెప్పగానే వచ్చి పక్కన కూర్చున్నాడు. పాండిచ్చేరిలో పదకొండేళ్లు పనిచేశాడట. అక్కడి బేకరీలో యానాం కుర్రాడొకడు తెలుగు మాట్లాడేవాడని, అతనివల్లే ఆ ఊళ్లో నిలబడ్డానని చెప్పాడు. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల కిందే ఉంది. తెలుగు నేలకి ఆ భాష, ఆ రొట్టె మరీ అంత దూరపువి కావు.

నెలవంక ఆకారం గురించి అడిగాను. క్రొసాంట్ అంటే నెలవంకే. వియన్నాలో నెలవంకలా చేసే కిప్‌ఫెర్ల్ అనే రొట్టె దానికి పూర్వజన్మ. 1830ల చివర ఆగస్ట్ జాంగ్ అనే ఆస్ట్రియా అతను పారిస్‌లో వియన్నా బేకరీ తెరిచాక అక్కడివాళ్లకి ఆ రుచి అలవాటైంది. పొరలు పొరలుగా చెయ్యడం తర్వాత ఫ్రెంచివాళ్లు పట్టిన పద్ధతి. ఇప్పుడు ఫ్రాన్సులో వెన్నతో చేసినవి ఎక్కువగా తిన్నగానే ఉంటాయి. వంకర తిరిగినవి మార్గరిన్‌వి, అంటే వెన్న బదులు నూనెలతో చేసే కొవ్వు వేసినవి అని గుర్తు. "మనూళ్లో తిన్నగా పెడితే ఇదేంది సార్, నెట్‌లో చూసింది వంకరగా ఉండాదే అంటారు. అందుకే వంచతాన్నా. లోపల మాత్రం వెన్నే" అన్నాడు మాస్టరు.

నా వెన్న కారిపోయే బాధ చెప్పుకున్నాను. ఆయన నవ్వలేదు. "రేపు ఆరింటికి రండక్కా. చూపిస్తా. అమ్మని కూడా తీసుకురండి, కాజా సంగతి అడగాల."

ఆదివారం సాయంత్రం: స్వర్ణాల చెరువు

పిన్నే పోదామంది. దర్గామిట్టలో బారాషహీద్ దర్గా, దాని పక్కన చెరువు. రొట్టెల పండుగ మొహర్రం రోజుల్లో జరుగుతుంది. అప్పుడిక్కడ అడుగు తీసి అడుగు వెయ్యలేం. ఇప్పుడు నలుగురైదుగురే ఉన్నారు. వాన నీటితో చెరువు నిండుగా, బూడిదరంగులో ఉంది. మెట్ల మీద ఒకామె పిల్లాడి పాదాలు కడుగుతోంది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పండుగకి వచ్చినవాళ్లు తలమీద కొంగు కప్పుకుని మోకాలి లోతు నీళ్లలో దిగి రొట్టెలు మార్చుకుంటారు. కోరిక ఉన్నవాళ్లు, అదే కోరిక తీరినవాళ్ల దగ్గర రొట్టె తీసుకుంటారు. తీరాక మళ్లీ వచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఇప్పుడు వీసా రొట్టె కూడా. ఏది ఎవరి దగ్గరుందో నీళ్లలో నిలబడి కేకలేసి అడుగుతారు. ఏ మతం వాళ్లన్న ప్రశ్న రాదు.

మా అమ్మ పొగతోటలో ఒక ఆసుపత్రిలో ఇరవై రెండు రోజులు ఉన్న ఏడాది పిన్ని ఈ చెరువులో దిగింది. నాకు ఆ సంగతి ఇన్నాళ్లూ తెలియదు. ఆరోగ్య రొట్టె గుంటూరు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఇచ్చిందట. గోధుమరొట్టె, బెల్లం ముక్క పెట్టి మడిచింది. దాన్ని గుడ్డలో చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్లి అమ్మ నోట్లో చిటికెడు పెట్టింది. మర్నాడు నర్సు తిట్టిందట. మరుసటి సంవత్సరం, అప్పటికింకా మోకాలి నొప్పి లేని పిన్ని అయిదు రొట్టెలు కాల్చి తెచ్చి అయిదుగురికి ఇచ్చింది.

"అక్క ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు బతికింది కదే" అంది. ఇద్దరం కాసేపు మెట్ల మీదే కూర్చున్నాం. బయటికొచ్చి నలభై రూపాయలకి రెండు మొక్కజొన్న పొత్తులు కొనుక్కున్నాం.

సోమవారం: పెన్న ఒడ్డు, మళ్లీ ఆ సందు

కార్తీక సోమవారం. నాలుగున్నరకే రంగనాయకులపేట. రంగనాథస్వామి గుడి వెనకే పెన్న. అరటి దొప్పల్లో ఆవునేతి దీపాలు పెట్టి ఆడవాళ్లు నీటిలోకి వదులుతున్నారు. చీకట్లో గాలిగోపురం ఆకారం మాత్రమే తెలుస్తోంది. మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన ఈ నది ఒడ్డునే కూర్చుని భారతం రాశాడని ఊరివాళ్ల నమ్మకం. పిన్ని మూడు దీపాలు వదిలింది. ఒకటి నీళ్లలో తిరిగి ఒడ్డుకే వచ్చేసింది. పక్కావిడ వంగి చేత్తో నీళ్లు తోసి సాగనంపింది. పిన్నితో ఒక్క మాటా మాట్లాడలేదు, మేమెవరో ఆమెకి తెలియదు.

అక్కడ్నించి ఆటోలో 60 రూపాయలకి బేకరీ. పిన్నికి నక్షత్రాలు కనబడేదాకా ఉపవాసం. నీళ్లు తప్ప ముట్టదు. "తినేదానికి కాదు, చూసేదానికి" అంటూ లోపలికి నడిచింది.

వెనక గది ఏసీతో వణికించేలా ఉంది. గోడ మీద 18 అని అంకె. అదే మొదటి సమాధానం. ముందురోజు కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచిన పిండి, పుస్తకంలా పలకగా ఒత్తిన వెన్న బల్ల మీద ఉన్నాయి. మాస్టరు వెన్నపలకని రెండు చేతుల్తో పట్టుకుని మెల్లగా వంచాడు. విరగలేదు, చేతికి అంటుకోలేదు. "ఇదక్కా చూడాల్సింది. పిండి ఎంత గట్టిగా ఉంటే వెన్న అంతే గట్టిగా ఉండాల. వెన్న ఎక్కువ గట్టిదైతే లోపల ముక్కలవతాది. మెత్తనైతే పిండిలో కలిసిపోతాది. అప్పుడు పొర ఉండదు, కాలేటప్పుడు కారిపోతాది."

పిండి మధ్య వెన్న పెట్టి మూసి, కర్రతో పొడవుగా ఒత్తి, ఉత్తరం మడిచినట్టు మూడు మడతలు. ఫ్రిజ్‌లో అరగంట. మళ్లీ ఒత్తి మూడు. మళ్లీ అరగంట. మళ్లీ మూడు. మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిది మూళ్లు ఇరవై ఏడు. 27 పొరల వెన్న. ఆయన దగ్గర వేర్వేరు దశల్లో ముద్దలున్నాయి కాబట్టి గంటలోనే అన్నీ చూడగలిగాం.

"ఇంకా మడిస్తే పొరలు పెరగవా?" అని పిన్ని అడిగింది.

"పెరగతాయమ్మా. కానీ మరీ పల్చనై ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. మీ కాజాకి ఎన్ని?"

"ఎవరు లెక్కపెట్టినారు నాయనా. నెయ్యిలో బియ్యప్పిండి కలిపి రాస్తాం, కారిపోకుండా. చుట్టచుట్టి కోస్తాం. చలికాలంలో బాగా వస్తాయి, ఎండాకాలంలో మా అత్త చెయ్యనిచ్చేది కాదు." మాస్టరు చేస్తున్న పని ఆపి విన్నాడు. నెయ్యిలో పిండి ఎంత కలపాలో రెండుసార్లు అడిగి సెల్‌ఫోనులో రాసుకున్నాడు. కరెంటు పోయినప్పుడు వెన్న నిలబడడానికి పనికొస్తుందేమో చూస్తానన్నాడు. పోయిన మే నెలలో ఒక్క మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు పోయి, ఎనభై క్రొసాంట్ల పిండి పారెయ్యాల్సి వచ్చిందట. ఆ తర్వాతే జెనరేటరు కొన్నాడు.

కోసిన ముక్కలు చుట్టి, పొంగడానికి పెట్టేచోట కూడా 27 డిగ్రీలు దాటనివ్వడు. నేను ఇంట్లో త్వరగా పొంగాలని ఎండలో పెట్టేదాన్ని. ఎక్కడ తప్పుతున్నానో అప్పుడు తెలిసింది.

"ఏ టైంలో చేస్తారక్కా?"

"మధ్యాహ్నం, పనులయ్యాక."

"తెల్లారుజాము నాలుక్కి మొదలుపెట్టండి. మడతకి మడతకి మధ్య అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. తొందరపడబాకండి."

బయల్దేరేటప్పుడు ఆరు క్రొసాంట్లు కట్టించుకున్నాను, 660 రూపాయలు. రెండు పిన్నికి, పాలు పూసినవి. మర్నాడు తినాలంటే మైక్రోవేవ్ వద్దని, దోశ పెనం మీద సన్నమంటకి మూతపెట్టి మూడు నిమిషాలు ఉంచమని చెప్పాడు.

ఇంటికొచ్చాక

పెనం మీద పెట్టాను. ఆయన చెప్పినట్టే మళ్లీ కరకరలాడాయి. సంతపేట రస్కులు డబ్బాలో పోశాను, రోజూ టీతో రెండు.

సోమవారం రాత్రి నేను రైల్లో ఉండగానే పిన్ని ఫోను చేసింది. నక్షత్రాలు చూసి, దీపం పెట్టి, అన్నం తిన్నాక ఒకటి తిన్నదట. రెండోది ఎదురింటి వాళ్లకిచ్చి, "బ్రెడ్డు కాదు, ఎవరికీ జ్వరం లేదు" అని ముందే చెప్పిందట.

అర కిలో వెన్న కొని ఫ్రిజ్‌లో పెట్టాను. ఆదివారానికి నాలుగింటి అలారం కూడా పెట్టాను. నిన్న పిన్ని మళ్లీ ఫోను చేసి మొదట అడిగిన మాట ఇదే: "మడతకి మడతకి మధ్య అరగంట. గుర్తుండాది కదా?"